కాన్పు గదిలో విద్యార్థులు: వద్దని ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

కాన్పు సమయంలో వైద్య విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థులు గదిలో ఉండటం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. రాసినవారి పేర్లు వేయడం లేదు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: నాకు ఎనిమిదో నెల. తొలి చూలు. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో చూపించుకుంటున్నాను. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు గారి వెనక నలుగురైదుగురు విద్యార్థులు నిలబడతారు. పొట్ట చూసేటప్పుడు పోనీలే అనుకున్నాను. కాన్పప్పుడూ ఇలాగే ఉంటారేమో అని తలుచుకుంటేనే ఒళ్ళు బిగుసుకుపోతోంది. వద్దని చెప్పొచ్చా? చెబితే మనసులో పెట్టుకుని సరిగ్గా చూడరేమోనని మా అమ్మ భయం.

జవాబు: చెప్పొచ్చు. కారణం కూడా చెప్పనక్కర్లేదు. వైద్య విద్యార్థులకు పాఠం కావడానికి నిరాకరించే హక్కు రోగికి ఉందని ప్రపంచ వైద్య సంఘం వారి లిస్బన్ ప్రకటన సూటిగా చెబుతుంది. ఆ ప్రకటన 1981లో వచ్చింది, తర్వాత సవరణలు జరిగాయి. ఇది ఎవరో బయటివాళ్ళు డాక్టర్ల మీద రుద్దిన నియమం కాదు, డాక్టర్ల సంఘాలే కూర్చుని రాసుకున్నది.

అయితే ‘వద్దు’ అనే ముందు ఎవరిని వద్దంటున్నారో తేల్చుకోండి. గదిలోకి వచ్చే కుర్రవాళ్ళందరూ ఒకటి కాదు. కేవలం చూసి నేర్చుకోవడానికి వచ్చే విద్యార్థులు ఒక రకం. వాళ్ళు లేకపోతే మీ వైద్యంలో ఏ పనీ ఆగదు. హౌస్ సర్జన్లు, పీజీ డాక్టర్లు వేరు. పెద్ద ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ నడిపేది ఎక్కువగా వాళ్ళే. బీపీ చూడటం, బిడ్డ గుండె చప్పుడు వినడం, సెలైన్ పెట్టడం వాళ్ళ పని. వాళ్ళను కూడా పూర్తిగా వద్దంటే, అర్ధరాత్రి మీ దగ్గర ఉండేవాళ్ళు తగ్గిపోవచ్చు. వాళ్ళ విషయంలో అడగాల్సింది ఇంకొకటి: ‘ఈ పని చేసేటప్పుడు పక్కన సీనియర్ ఉంటారా?’ ఇక మూడో రకం నర్సింగ్, మిడ్‌వైఫరీ విద్యార్థులు. వీళ్ళలో కొందరు ఊరికే చూస్తారు, కొందరికి మీ పక్కనుండి చూసుకునే పనే అప్పగిస్తారు. ఎవరు ఏ రకమో అడిగితేనే తెలుస్తుంది.

చెప్పడానికి మంచి సమయం 34 నుంచి 36 వారాల మధ్య వచ్చే పరీక్ష. నొప్పులు మొదలయ్యాక చెప్పడం తప్పు కాదుగానీ, అప్పుడు మీ మాట ఎవరి చెవిన పడుతుందో మీ చేతిలో ఉండదు. చెప్పాల్సింది విద్యార్థికి కాదు, యూనిట్ పెద్ద డాక్టరుకు. నోటితో చెప్పి ఊరుకోకుండా కేస్ షీటులో రాయించండి. ఇలా రాస్తే సరిపోతుంది (లోపలి పరీక్ష అంటే యోనిలో వేళ్ళు పెట్టి గర్భాశయ ద్వారం ఎంత తెరుచుకుందో చూడటం):

“నా వైద్యంలో పని లేని విద్యార్థులెవరూ కాన్పు సమయంలోను, లోపలి పరీక్షలప్పుడు, కుట్లు వేసేటప్పుడు గదిలో ఉండటానికి నేను ఒప్పుకోవడం లేదు. బోధన కోసం అదనంగా లోపలి పరీక్షలు చేయవద్దు. అత్యవసరమైతే కావలసిన సిబ్బంది ఎవరు వచ్చినా నాకు అభ్యంతరం లేదు. నా మనసు మారితే నేనే చెబుతాను.”

ఇందులో మూడో వాక్యం ముఖ్యం. డాక్టర్లకు ఉండే అసలు జంకు, ప్రమాదం వచ్చినప్పుడు మీరు అడ్డుపడతారేమో అన్నదే. ఆ జంకు అక్కడే తీరిపోతుంది. నాలుగో వాక్యం మీ బదులు ఇంకొకరిని ఒప్పించే దారి మూసేస్తుంది. కుట్ల సంగతి చాలామంది మర్చిపోతారు. బిడ్డ బయటికి వచ్చాక తల్లి చూపంతా బిడ్డ మీదే ఉంటుంది. సరిగ్గా అప్పుడే కాళ్ళ వైపు కొత్తవాళ్ళు చేరతారు, చిరుగులు కుట్టడం నేర్పే సమయం అదే కనుక. ‘కుట్లు ఎవరు వేస్తారు?’ అని ముందే అడిగి ఉంచుకోండి. చిరుగు మలద్వారం కండరం దాకా వెళితే (మూడో, నాలుగో డిగ్రీ అంటారు) అనుభవమున్న చెయ్యే కుట్టాలి. అది మొహమాటాల వ్యవహారం కాదు. ముందు ముందు మలం ఆపుకోగలగడం దాని మీద ఆధారపడి ఉంటుంది.

రాయించాక కూడా మాట పోయే చోట్లు ఉన్నాయి. ఓపీలో రాసిన కాగితం ఓపీ ఫైల్లోనే ఉండిపోతుంది, లేబర్ రూములో కొత్త షీటు తెరుస్తారు. అందుకని ఆ నాలుగు వాక్యాలూ మూడు కాగితాల మీద రాసి ఒకటి ఫైలుకు, ఒకటి ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచిలోకి, ఒకటి మీతో ఉండేవాళ్ళ చేతికి ఇవ్వండి. లేబర్ రూములో చేరగానే డ్యూటీ నర్సుకు చూపించి షీటు మొదటి పేజీకి పిన్ను చేయించండి. రెండో చోటు డ్యూటీ మారే వేళ. కొత్తగా వచ్చినవాళ్ళకు అప్పగింతలో మందులు, నొప్పుల లెక్క చెబుతారుగానీ ఈ సంగతి చెప్పడం మర్చిపోతారు. డ్యూటీ మారిన ప్రతిసారీ మీవాళ్ళు ఒక్క మాట గుర్తు చేయాలి.

మీ అమ్మగారి భయం గురించి. విద్యార్థులను వద్దన్నందుకు వైద్యం తగ్గించడం వృత్తి ధర్మానికి విరుద్ధం, అది ఫిర్యాదు చేయదగిన తప్పు. గొడవలు ఎక్కువగా వచ్చేది వద్దన్నందుకు కాదు, పదిమంది ముందు ఆఖరి నిమిషంలో అన్నప్పుడు. నెల ముందే, పెద్ద డాక్టరు గదిలో, మామూలు గొంతుతో చెప్పండి.

ప్రశ్న: నొప్పులప్పుడు లోపలి పరీక్ష ఎన్నిసార్లు చేస్తారు? మా అక్కకు పావుగంటలో ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు చేశారు. అది మామూలేనా?

జవాబు: వైద్యం కోసమైతే మామూలు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన కాన్పు మార్గదర్శకాల ప్రకారం, వేరే ప్రమాదం లేని తల్లికి గర్భాశయ ద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర్నుంచి నాలుగు గంటలకొకసారి చేస్తే చాలు. ఒకే తల్లికి పలువురు పరీక్ష చేయడం మానుకోవాలని కూడా ఆ సంస్థ చెప్పింది.

మధ్యలో అదనంగా చేయాల్సిన సందర్భాలు ఉంటాయి. ముక్కాలని బలంగా అనిపించడం, బిడ్డ గుండె చప్పుడు తేడాగా ఉండటం, బిడ్డ తల ఇంకా పైనే ఉండగా ఉమ్మనీరు పోవడం (బొడ్డుతాడు జారిందేమో చూడాలి), నొప్పి తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చే ముందు. ఇవి న్యాయమైన కారణాలు, వీటికి అడ్డుచెప్పొద్దు.

మీ అక్కకు జరిగింది వేరేలా ఉంది. విద్యార్థి చూసి ‘6’ అంటాడు, పీజీ చూసి ‘5’ అంటాడు, ఎవరిది సరైనదో తేల్చడానికి సీనియర్ మళ్ళీ చూస్తారు. తల్లికి ఒక్కసారి కావలసింది మూడుసార్లవుతుంది. నొప్పి, అవమానం ఒక ఎత్తు. ఉమ్మనీటి సంచి పగిలాక ప్రతి పరీక్షతోనూ కింది భాగంలోని క్రిములు పైకి చేరే అవకాశం పెరుగుతుంది. సంచి పగిలి గంటలు గడిచేకొద్దీ ఇది ఇంకా ముఖ్యం.

గ్లవుజులు తొడుక్కుంటూ ఎవరైనా దగ్గరికి రాగానే మూడు ప్రశ్నలు వేయండి: మీరెవరు? ఇప్పుడు ఎందుకు? ఇంతకుముందు చేసి ఎంతసేపయింది? మూడోదానికి జవాబు ‘ఇప్పుడే’ అయితే, రెండోదానికి గట్టి కారణం ఉండాలి. ‘నేర్చుకోవడానికి’ అన్నది కూడా కారణమే, కానీ దానికి మీ ఒప్పుదల కావాలి. నొప్పి వచ్చి తగ్గే దాకా ఆగమని కూడా అనొచ్చు.

ప్రశ్న: చేర్చుకునేటప్పుడు ఇచ్చిన కాగితంలో ‘బోధనకు సహకరిస్తాను’ అని చిన్న అక్షరాల్లో ఉంది. సంతకం చేసేశాను. ఇక నోరెత్తకూడదా?

జవాబు: ఎత్తొచ్చు. ఒప్పుదల అంటే ఒక్కసారి పెట్టి తాళం వేసే సంతకం కాదు, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పైగా ఆ వాక్యంలో ఎవరు, ఎంతమంది, ఏ పని చేసేటప్పుడు అన్నది ఉండదు. వివరం లేని ఒప్పుదల లోపలి పరీక్షలాంటి వాటికి చాలదు, విడిగా అడగాలి. ఇంకా సంతకం చేయనివాళ్ళు ఆ వాక్యాన్ని కలంతో కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టి, తేదీ వేయండి. చేసేసినవాళ్ళు మొదటి జవాబులోని నాలుగు వాక్యాల కాగితం ఇవ్వండి, తర్వాతి తేదీ ఉన్న కాగితమే మీ ప్రస్తుత మాట. కాగితం ఇచ్చిన రోజు, సమయం దాని మీద వేయడం మరవొద్దు.

ప్రశ్న: తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపు పెట్టుకుని ఉంటే డాక్టరే అనుకున్నాను. విద్యార్థి అని తర్వాత తెలిసింది. ఆ వేళ నేను కాదనలేదు కదా, ఇప్పుడు తప్పుపట్టడానికి ఉంటుందా?

జవాబు: ఉంటుంది. ఈ ప్రశ్నకు అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర సుప్రీం కోర్టు 1881లోనే జవాబు చెప్పింది. దిమే అనే డాక్టరు గాలివాన రాత్రి ఒకరింటికి కాన్పు చేయడానికి వెళుతూ, లాంతరు, సామాను మోయడానికి స్కాటర్‌గుడ్ అనే యువకుణ్ణి వెంటబెట్టుకెళ్ళాడు. అతనికి వైద్యంతో సంబంధం లేదు. ఇంట్లోవాళ్ళు అతన్నీ డాక్టరో, డాక్టరుగారి సహాయకుడో అనుకున్నారు. నొప్పుల్లో ఉన్న అల్వైరా రాబర్ట్స్ చేయి కూడా అతను పట్టుకున్నాడు. సంగతి తెలిశాక ఆమె కోర్టుకెళ్ళి గెలిచింది. అతను ఎవరో తెలియక ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదనీ, కాన్పు సమయంలో ఏకాంతం స్త్రీ హక్కు అనీ ఆ కోర్టు చెప్పింది.

మీ సంగతిలో ఆ వ్యక్తి వైద్య విద్యార్థే కాబట్టి అంత దూరం కాకపోవచ్చు. సూత్రం మాత్రం అదే. ఎవరో తెలియకుండా ఇచ్చిన ఒప్పుదల, ఒప్పుదల కాదు. విద్యార్థి తన పేరు, ఏ సంవత్సరం చదువుతున్నదీ చెప్పి అడగాలి. ‘స్టూడెంట్ డాక్టర్’ అని గబగబా అనేస్తే అందులో రెండో మాటే చెవిన పడుతుంది. ఆ తికమకకు బాధ్యత అన్నవాళ్ళదే.

ప్రశ్న: ఉచితంగా వైద్యం చేస్తున్నప్పుడు విద్యార్థులకు సహకరించడం మన బాధ్యత కాదా?

జవాబు: మంచి మనసుతో ఒప్పుకుంటే సంతోషం, నేర్చుకోని డాక్టర్లు ఎవరికీ మేలు కాదు. కానీ వైద్యానికి ఖరీదుగా మీ ఒంటిని ఇవ్వాలని ఎక్కడా లేదు. డబ్బు కట్టినవాళ్ళకు ఏకాంతం, కట్టలేనివాళ్ళకు తరగతి గది అన్నది పాత అలవాటు, దాన్ని హక్కుల పుస్తకంలో వెతికితే దొరకదు.

ప్రశ్న: నొప్పుల్లో మా ఆవిడ మాట్లాడే స్థితిలో ఉండకపోతే ఆమె తరఫున నేను వద్దనవచ్చా? ఒకవేళ మా అత్తగారు ‘పర్లేదు, చదువుకునే పిల్లలే కదా’ అంటే ఎవరి మాట చెల్లుతుంది?

జవాబు: ఆమె మాట. స్పృహలో ఉండి అర్థం చేసుకోగలిగినంత వరకు నిర్ణయం ఆమెదే, మీదీ కాదు, అత్తగారిదీ కాదు. నొప్పి వల్ల మాట రాకపోవడం, తెలివి లేకపోవడం ఒకటి కాదు. నొప్పి వచ్చిపోయే మధ్యలో రెండు మూడు నిమిషాల వ్యవధి ఉంటుంది, అప్పుడు అడగొచ్చు.

మీ పని నిర్ణయించడం కాదు, ముందే ఆమె చెప్పిన మాటను మోయడం. ‘తను వద్దని రాసిచ్చింది, కాగితం ఇదిగో’ అనడానికి మీకు హక్కుంది. ‘కొంచెం ఇబ్బందిగా ఉంటుందేమోనండీ’ అని మాత్రం అనకండి. ఆ మాట వినగానే అవతలివాళ్ళు సిగ్గుపడుతున్నారనుకుని నచ్చజెప్పడం మొదలుపెడతారు. ‘ఏమీ అనుకోకండి’ కూడా అంతే. ‘విద్యార్థులు వద్దు. దయచేసి బయటికి పంపించండి.’ ఇంతే చాలు. దీన్ని మర్యాదగా, తడబడకుండా అనడం ఇంట్లో ఒకసారి అనుకుని చూసుకోండి. నవ్వుగా ఉంటుందిగానీ అవసరానికి పనికొస్తుంది.

విద్యార్థులను వద్దంటే మిమ్మల్ని కూడా బయటికి పంపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తల్లి కోరుకున్న ఒక తోడు మనిషి కాన్పు అంతసేపూ పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తుంది. ఆ రెంటికీ సంబంధం లేదు.

ప్రశ్న: పూర్తిగా వద్దనాలని లేదు. మగ విద్యార్థులు వద్దు, ఆడపిల్లలైతే ఒకరిద్దరు ఫర్వాలేదు. ఇలా షరతు పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు. ఒకరే ఉండాలి, తల వైపే నిలబడాలి, ముట్టుకోకూడదు, బిడ్డ పుట్టేటప్పుడు ఉండొచ్చుగానీ కుట్లప్పుడు వద్దు, ఇలా ఏదైనా. మనుషుల సంఖ్య, నిలబడే చోటు, ముట్టుకోవడం, ఏ దశ అన్న నాలుగింటి గురించీ విడివిడిగా చెబితే తికమక ఉండదు. ‘ఒకరిద్దరు’ అనకండి. ఆ మాట గుమ్మం దాటేసరికి నలుగురవుతుంది. డ్యూటీలో ఉన్న డాక్టరు మగవారైతే వేరే ఆడ డాక్టరు కావాలనడం ఇంకో సంగతి, అది ఆ పూట ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ప్రశ్న: ఇదంతా సిగ్గు వ్యవహారమేనా, లేక వైద్యపరంగా కూడా ఏమైనా తేడా ఉంటుందా?

జవాబు: సిగ్గే అయినా అది చాలినంత కారణమే. ఒంట్లో జరిగేదీ కొంత ఉంది. భయం, బెరుకు కలిగినప్పుడు అడ్రినలిన్ ఎక్కువగా వస్తుంది. గర్భాశయ కండరం మీద దాన్ని అందుకునే గ్రాహకాలు ఉన్నాయి, వాటిలో బీటా రకం వాటిని తట్టినప్పుడు కండరం వదులవుతుంది. నెలలు నిండకుండా వచ్చిన నొప్పులను ఆపడానికి వాడే టెర్బుటలిన్ పనిచేసేది కూడా ఆ గ్రాహకాల మీదే. కాబట్టి కొత్తవాళ్ళు గుంపుగా రాగానే నొప్పులు మందగించాయని ఒక తల్లి అంటే దాన్ని భ్రమ అని కొట్టేయకూడదు. అలాగని నొప్పులు ఆగిన ప్రతిసారీ విద్యార్థుల వల్లే అనుకోవడమూ సరికాదు. బిడ్డ తల తిరిగిన తీరు, తల్లి అలసట, ఒంట్లో నీరు తగ్గడం, ఇలా వేరే కారణాలు చాలా ఉన్నాయి. అవి చూసుకోవాలి.

ప్రశ్న: సిజేరియన్ అయితే? మత్తులో ఉంటే ఎవరొచ్చారో ఎవరు చూశారో ఎలా తెలుస్తుంది?

జవాబు: సిజేరియన్‌కు ఎక్కువగా వెన్నులో ఇంజెక్షన్ ఇస్తారు. మీరు మెలకువగానే ఉంటారు, మాట వినబడుతుంది, కాళ్ళ వైపు జరిగేది మాత్రం తెర వల్ల కనబడదు, స్పర్శ తెలియదు. మూత్రపు గొట్టం పెట్టడం, పొట్ట శుభ్రం చేయడంలాంటి పనులు విద్యార్థుల చేత చేయించడం తెర అవతలే జరుగుతుంది. అందుకే ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడే ‘గొట్టం ఎవరు పెడతారు, కోత ఎవరు కోస్తారు, చూడటానికి ఎంతమంది ఉంటారు’ అని అడిగి, జవాబు ఆ కాగితం మీదే రాయించండి. ఆపరేషన్ గదిలో అదనపు మనుషులు తగ్గితే క్రిముల బెడదా తగ్గుతుంది, ఇది ఏ సర్జన్ అయినా ఒప్పుకునే మాట.

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు నేర్చుకోవడం కోసం లోపలి పరీక్షలు చేయించడం అన్నది వైద్య చరిత్రలో మాయని మచ్చ. న్యూజీలాండ్‌లో ఒక పెద్ద స్త్రీల ఆసుపత్రి మీద న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ జరిపిన విచారణ 1988లో దీన్ని కూడా బయటపెట్టింది. ఆ తర్వాత 1996లో వచ్చిన అక్కడి రోగుల హక్కుల నియమావళిలో, బోధనలో పాలుపంచుకునే సందర్భాలకూ హక్కులన్నీ వర్తిస్తాయని విడిగా ఒక నిబంధనే పెట్టారు. అమెరికాలో ఆరోగ్య శాఖ 2024 ఏప్రిల్‌లో, మత్తులో ఉన్నవారికి విద్యార్థుల చేత ఇలాంటి పరీక్షలు చేయించాలంటే ముందుగా ప్రత్యేకంగా ఒప్పుదల తీసుకోవాలని ఆసుపత్రులకు స్పష్టం చేసింది. మీరు చేయాల్సింది ఒక్కటే: మత్తు ఎక్కకముందే, ‘బోధన కోసం నా మీద ఏ పరీక్షా చేయవద్దు’ అన్న వాక్యం కాగితం మీద ఉండాలి. స్పృహ లేనప్పుడు మీ బదులు మాట్లాడేది అదే.

ప్రశ్న: కాన్పు మధ్యలో హఠాత్తుగా ఏడెనిమిది మంది గదిలోకి వచ్చారు. వద్దని రాసిచ్చినా లెక్కచేయలేదు. ఇది హక్కును తొక్కేయడం కాదా?

జవాబు: ఏం జరిగిందన్న దాన్ని బట్టి. ఉదాహరణకు బిడ్డ తల బయటికి వచ్చి భుజం ఇరుక్కుపోతే నిమిషాల వ్యవధే ఉంటుంది. తల్లి కాళ్ళు రెండూ పొట్ట వైపు బాగా మడిచి పట్టుకోవడానికి ఇద్దరు, పొత్తికడుపు ఎముక పైన నొక్కడానికి ఒకరు, బిడ్డను తీసేవారు ఒకరు, బిడ్డను అందుకుని చూసుకోవడానికి ఒకరిద్దరు, మత్తు డాక్టరు, గడియారం చూసి సమయం రాసేవారు. లెక్కపెట్టండి, ఏడెనిమిది మంది అయిపోయారు. కాన్పు తర్వాత రక్తం ఎక్కువగా పోతున్నప్పుడూ అంతే. ఒకరు గర్భాశయం నలుపుతుంటే ఇంకొకరు రెండో సెలైన్ పెట్టాలి, ఒకరు మందులు ఎక్కించాలి, ఇంకొకరు రక్తం తేవాలి. ఇటువంటప్పుడు కాలు పట్టుకున్నది విద్యార్థే అయినా అతను ఆ నిమిషానికి పని చేసేవాడే, చూసేవాడు కాదు. అందుకే ఆ నాలుగు వాక్యాల్లో మూడోది పెట్టమన్నాం.

మీరు అడగదగిన ప్రశ్న వేరే ఉంది. గదిలో ఉన్నవాళ్ళలో చేతులు కట్టుకుని నిలబడినవాళ్ళు ఎందరు? ప్రమాదం తప్పాక ఎంతసేపు ఉన్నారు? అత్యవసరం తీరగానే పని లేనివాళ్ళు బయటికి వెళ్ళాలి. కాన్పు తర్వాత ఒకటి రెండు రోజుల్లో పెద్ద డాక్టరును అడిగి, ఏం జరిగిందో, ఎవరు ఎందుకొచ్చారో చెప్పించుకోండి. ఆ వివరం తెలిస్తే చాలామందికి సగం బాధ తగ్గుతుంది. తెలిశాక కోపం పెరిగితే, ఫిర్యాదుకు ఆధారం దొరికినట్టు.

ప్రశ్న: నేను వైద్య విద్యార్థిని. ఇన్ని కాన్పులు చూశామని లాగ్‌బుక్కులో రాయాలి. అందరూ వద్దంటే మేమెలా నేర్చుకోవాలి?

జవాబు: అందరూ వద్దనరు. చాలామంది వద్దనేది విద్యార్థిని కాదు, అడగకుండా వచ్చి కాళ్ళ దగ్గర నిలబడే ముఖం తెలియని మనిషిని. మీరు నొప్పులు తీవ్రం కాకముందే, మీ బృందం బయట ఉండగా, ఒక్కరే వెళ్ళండి. కూర్చుని పేరు, చదివే సంవత్సరం చెప్పండి. ఏం చూడాలనుకుంటున్నారో, ఏం చేయరో చెప్పండి. ‘వద్దంటే మీ వైద్యంలో ఏ తేడా రాదు’ అన్నది మీరే ముందుగా అనాలి, ఆమె అడిగే దాకా ఆగకూడదు. తర్వాత బయటికి వచ్చేసి, జవాబు నర్సుతో చెప్పే వీలివ్వండి. ముఖం మీద వద్దనడం చాలామందికి కష్టం, ఆ కష్టాన్ని ఒప్పుదల కింద జమ వేసుకోకండి. మీ ప్రొఫెసరు అందరి ముందు ‘పర్లేదు కదమ్మా?’ అని అడిగితే అది అడిగినట్టు కాదని మీకూ తెలుసు.

ఒప్పుకున్న తల్లి దగ్గర ఒక్క కాన్పు మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూస్తే, నడుము పట్టి, నీళ్ళు అందించి, నొప్పుల మధ్య వ్యవధి రాస్తే, ఆఖరి పది నిమిషాలకు గుమ్మంలోంచి తొంగి చూసిన అయిదు కాన్పులకన్నా ఎక్కువ నేర్చుకుంటారు. చేతి పనులు బొమ్మ మీద సాధన చేసి రండి. భుజం ఇరుక్కున్నప్పుడు చేసే పనులు, చిరుగు కుట్టడం, ద్వారం ఎన్ని సెంటీమీటర్లో వేళ్ళతో అంచనా వేయడం, వీటన్నిటికీ నమూనాలున్నాయి. లాగ్‌బుక్కు నిండకపోతే అది మీ కాలేజీ తీర్చాల్సిన సమస్య, మంచం మీద ఉన్న మనిషి తీర్చాల్సింది కాదు.

ప్రశ్న: వద్దని రాసిచ్చినా విద్యార్థులను పంపలేదు, ఒకరు ఫోను కూడా పైకెత్తి పట్టుకున్నారు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ముందు ఫోను సంగతి. ఫోటో, వీడియోలకు విడిగా రాతపూర్వక ఒప్పుదల కావాలి. చూడటానికి ఒప్పుకున్నారు కాబట్టి తీయొచ్చు అన్నది చెల్లదు, మీరు దానికీ ఒప్పుకోలేదు. తీసింది ఉంటే దాన్ని ఎవరికైనా పంపారా, ఎక్కడెక్కడ ఉంది, తుడిచేశారా అన్నది రాతపూర్వకంగా చెప్పమని అడగండి.

తర్వాత, గుర్తున్నంతవరకు అంతా రాసి పెట్టుకోండి. తేదీ, సుమారు సమయం, ఎంతమంది, ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ముట్టుకున్నారు, మీరు ఏ మాట అన్నారు, ఎవరు ఏం జవాబిచ్చారు. తోడుగా ఉన్నవాళ్ళ చేత విడిగా రాయించండి, ఇద్దరూ కలిసి రాస్తే ఒకరి జ్ఞాపకం ఇంకొకరికి అంటుకుంటుంది. కేస్ షీటు నకలు అడగండి, మీ నిరాకరణ అందులో ఉందో లేదో చూడండి. పరీక్షలు ఎన్నిసార్లు, ఏ సమయంలో జరిగాయో కూడా అందులో ఉండాలి. ఫిర్యాదు ఆసుపత్రి సూపరింటెండెంటు పేర రాసి, విద్యార్థులున్నారు కాబట్టి కాలేజీ ప్రిన్సిపాలుకు నకలు పంపండి. ఒక పేజీ మించకూడదు. ఏం జరిగింది, మీ నిరాకరణ ఎక్కడ నమోదైంది, మీకేం కావాలి అన్నవి ఉండాలి. మీకు కావలసింది క్షమాపణా, ఫోటోలు తుడవడమా, పద్ధతి మార్చడమా అన్నది రాయకపోతే ‘చర్యలు తీసుకుంటాం’ అన్న ఒక్క ముక్క జవాబుగా వస్తుంది. అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. అక్కడ కదలకపోతే వైద్యుల నమోదు మండలి, ఆపైన కోర్టు.

ప్రశ్న: ముందు సరేనన్నాను. మధ్యలో మనసు మారితే? ‘ఇప్పుడేంటమ్మా, తల కనబడుతోంది’ అంటే?

జవాబు: తల కనబడుతున్నా మనసు మార్చుకోవచ్చు. చేతిలో పని ఉన్నవాళ్ళు కదలరు, కదలకూడదు. ఊరికే నిలబడినవాళ్ళు తలుపు తీసుకుని వెళ్ళిపోవడానికి డాక్టరు చేయి ఆపనక్కర్లేదు. నర్సును పేరుపెట్టి పిలిచి చెప్పండి. అందరినీ ఉద్దేశించి అన్నది ఎవరూ తమకు కాదనుకుంటారు.